చెయ్యి చెప్పే సంగతి

మంగంపేట ముగ్గురాయిని మొదటిసారి ఎత్తినవాళ్ళు ఎవరైనా మళ్ళీ ఒకసారి ఎత్తి చూస్తారు. చూడ్డానికి మామూలు బూడిదరంగు రాయే. బరువు మాత్రం నీటికి దాదాపు 4.5 రెట్లు; పలుగురాయి 2.65 రెట్లే. ఆ బరువు కోసమే చమురు బావులు తవ్వేటప్పుడు దీని పొడిని బురదలో కలిపి లోపలికి పంపుతారు. కింది నుంచి తన్నుకొచ్చే గ్యాస్‌ని అదిమిపట్టేది ఆ బురద బరువే.

ఖనిజాలను గుర్తుపట్టే పనిలో నాకు ఎంతో ఇష్టమైనది ఇదే, కంటికంటే చేతిని నమ్మడం. రంగు మోసం చేస్తుంది. ఊదారంగు అమెథిస్టు కూడా పలుగురాయే. హెమటైట్ నల్లగా మెరిసినా, నునుపు పూత లేని పింగాణీ పెంకు మీద గీస్తే ఎర్రటి గీత పడుతుంది. మాగ్నటైట్ గీత నలుపు. గట్టిదనానికి 1812లో ఫ్రెడరిక్ మోస్ పది మెట్లు కట్టాడు. మన బలపంలో ఉండే టాల్క్‌ది మొదటి మెట్టు, వజ్రానిది పదోది. ఇనప మేకు ముగ్గురాయిని గీస్తుంది, పలుగురాయిని గీయలేదు.

గుర్తుపట్టడం ఒక ఎత్తు, వర్గీకరణ ఒక ఎత్తు. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. ఇనుమున్న ఖనిజాలన్నీ ఒకే గుంపు అనుకుంటారు. కానీ హెమటైట్ ఆక్సైడ్, పైరైట్ సల్ఫైడ్, సిడరైట్ కార్బొనేట్. లోహాన్ని బట్టి కాదు, లోహం దేనితో జతకట్టిందో దాన్ని బట్టి వర్గం. అందుకే బేరియం ఉన్న ముగ్గురాయికి దగ్గరి చుట్టం కాల్షియం ఉన్న జిప్సం, రెండూ సల్ఫేట్లే. స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ చూపిన ఈ దారి ఎంత సరైనదో రాళ్ళే చెబుతాయి. కాల్షియం కార్బొనేట్ అయిన కాల్సైట్ మీద ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది, సిడరైట్ పొడి చేసి వేడి ఆమ్లం పోస్తే అదీ పొంగుతుంది. లోహం మారినా గుణం మారలేదు.

ఇక సిలికేట్లు. భూమి పైపొరలో 90 శాతానికి పైగా ఇవే. సిలికాన్, ఆక్సిజన్‌ల అల్లిక పొరలు పొరలుగా ఉంది కాబట్టే గూడూరు అభ్రకం పల్చటి రేకులుగా విడిపోతుంది. పలుగురాయిలో అదే అల్లిక అన్ని దిక్కులా బిగిసింది, అందుకే రేకులుగా విడదు. కంటికి కనిపించని అమరికను గోటితో విప్పి చూడగలగడం కంటే అద్భుతం ఈ శాస్త్రంలో నాకు కనిపించలేదు.

సైన్సు మాస్టార్లకు ఒక విన్నపం. ముగ్గురాయి, పలుగురాయి, అభ్రకం, బలపం తలా ఒక ముక్క, ఒక మేకు, ఒక పింగాణీ పెంకు తరగతి గదిలో ఉంచండి. పట్టిక బట్టీ పట్టించే ముందు పిల్లలను ఎత్తి చూడనివ్వండి, గీసి చూడనివ్వండి.