మంచు లేని ఊళ్ళో టైరు లెక్క

టొరంటోకో మాంట్రియల్‌కో పిల్లలను పంపిన ఇళ్ళు చీరాల చుట్టుపక్కల తక్కువేమీ కాదు. అక్కడ చలి మొదలయ్యే వేళకు ఆ ఇళ్ళ ఫోన్లలో తిరిగే సలహా ఒకటి ఈ వారం నాకు మళ్ళీ చిరాకు తెప్పించింది: "ఉన్న నాలుగు టైర్లు బాగానే ఉన్నాయిగా, చలికాలానికి మళ్ళీ వేరే నాలుగెందుకురా? ఆల్ సీజన్ అని రాసే ఉంది కదా!" వాడరేవు ఇసుకలో నిలబడి మాంట్రియల్ మంచుకు తీర్పు చెప్పడం మనకే చెల్లింది. కంపెనీ పెట్టిన పేరు కాదు, టైరు పక్కగోడ మీది అచ్చు చదవండని ఈ కాలమ్‌లో నేను పాడే పాత పాట పాఠకులకు కంఠతా వచ్చేసి ఉంటుంది. ఇవాళా అదే పాట.

టైరుకు క్యాలెండరు తెలియదు, వేడీ తడీ తెలుసు. సుమారు 7 డిగ్రీల కిందికి దిగితే మామూలు రబ్బరు బిరుసెక్కుతుంది, రోడ్డును పట్టుకోదు. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది, దాని మీది సన్నని కోతలు మంచును కరిచి పట్టుకుంటాయి. ఆల్ సీజన్ టైరు ఈ రెంటి మధ్య రాజీ. దాని మీద ఎం ప్లస్ ఎస్ అనే అచ్చు ఒక్కటే ఉంటే అది గాట్ల తీరును చెబుతుందే తప్ప మంచు మీద పరీక్షించారని కాదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచురేకు బొమ్మ ఉంటేనే ఆ పరీక్ష నెగ్గినట్టు. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఖర్చు రెట్టింపు కదా అంటారు. కానీ ఒక జత నడుస్తున్నంతసేపూ రెండో జత అరగదు. డబ్బు ముందుగా పెట్టాల్సి వస్తుంది, నిజమే, పోయేది మాత్రం అంత కాదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండికి ఇవి అక్కర్లేదన్నది ఇంకో వాదన. ఆ బలం బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. కాబట్టి అక్కడి పిల్లవాడు రెండు జతలూ కొనుక్కోవలసిందే.

ఆ లెక్కన మనకు ఈ గొడవే లేదనిపిస్తుంది. సంక్రాంతి తెల్లవారుజామున కూడా వాడరేవులో 7 డిగ్రీల ఊసుండదు. మన దుకాణాల్లో దొరికే మామూలు టైరు ఎండకు తగ్గదే. వింటర్ టైరు తెచ్చి మే నెలలో నరసరావుపేట రోడ్డెక్కిస్తే ఆ మెత్తని రబ్బరు చూస్తుండగానే అరిగిపోతుంది. మన ఎండాకాలంలో టైర్లను చంపేది ఎండ ఒక్కటే కాదు, ఎండకు మనం చేసే వైద్యం కూడా. వేడికి గాలి వ్యాకోచించి టైరు పేలుతుందన్న భయంతో గాలి తగ్గించి కొట్టించుకునేవాళ్ళు గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఉన్నారు. గాలి తగ్గితే పక్కగోడ తిప్పు తిప్పుకూ ఎక్కువగా వంగుతుంది, ఆ వంగుడుకే లోపల వేడి పుడుతుంది, పేలుడు అక్కడినుంచి వస్తుంది. తలుపు పక్క స్టిక్కరు మీద ఉన్న అంకె ప్రకారం, బండి నడవకముందు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. ఇసుకలో దిగినప్పుడు మాత్రం గాలి తగ్గించడం సబబే, టైరు వెడల్పుగా పరుచుకుని దిగబడదు; తిరిగి తారు రోడ్డెక్కేముందు నింపుకోకపోతే పైన చెప్పిన ప్రమాదమే.

అయితే మనకు రెండో కాలం లేదన్న మాట ఇక్కడే కూలిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి వాయుగుండాల రోజులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. రోడ్డు మీద నిలిచిన నీటిని గాట్లు పక్కకు తోసేయలేకపోతే టైరు నీటి పొర మీద తేలుతుంది, స్టీరింగు చేతిలో తేలికైపోతుంది. కొత్త కారు టైరు గాటు లోతు ఇంచుమించు 8 మిల్లీమీటర్లు. చట్టం 1.6 దాకా ఒప్పుకుంటుంది గానీ, 3 కిందికి దిగేసరికే తడి రోడ్డు మీద బ్రేకు పట్టు బాగా పలచబడుతుంది. నెమ్మదిగా వెళితే సరిపోదా అంటే, చాలావరకు సరిపోతుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ చిలకలూరిపేట దాటాక హైవే మీద వెనక మిర్చి లారీ తరుముతుంటే మన నిదానం పూర్తిగా మన చేతిలో ఉండదు. ఎక్కువ కిలోమీటర్లు వస్తాయని గట్టి రబ్బరే కోరుకునే మన పొదుపూ తడి పట్టుకు సాధారణంగా వ్యతిరేకమే. అందుకే కేంద్రం 2022లో తడి పట్టుకు కూడా ప్రమాణం పెట్టింది.

ఇంతకీ మనకూ రెండు జతలు కావాలా? అక్కర్లేదు, కొనే నెల మార్చుకుంటే చాలు. మన అలవాటు టైరు నున్నబడ్డాక, ఏ ఉగాదికో, చేతిలో పంట డబ్బు ఆడినప్పుడు మార్చడం. అప్పుడు కొన్న కొత్త గాటు లోతంతా పొడి రోడ్ల మీద అరగడం మొదలవుతుంది. దానికి బదులు అరిగిన జతను ఎండల్లో చివరిదాకా వాడుకుని, 3 మిల్లీమీటర్లకు వచ్చిందనగానే దసరాకు ముందే కొత్తది వేయించుకోవాలి. రెండే మారుస్తున్నారా, బండి ముందు చక్రాలతో నడిచేదైనా సరే కొత్తవి వెనక్కే వేయించండి. తడిలో వెనక పట్టు తప్పిన బండి గిర్రున తిరుగుతుంది. దుకాణంలో ముందుకే వేస్తామంటారు, ఒప్పుకోకండి.