రంగు చివరి పని

పాత బండిని అమ్మకానికి పెట్టేటప్పుడు ఈమధ్య దాని కిందికి కూడా రంగు కొడుతున్నారు. బాడీకి కొట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఇప్పుడు ఛాసిస్‌కు నలుపు, గేర్‌బాక్స్‌కు వెండి రంగు పడుతోంది. వంగి చూసినవాడికి అంతా కొత్తగా కనిపిస్తుంది. కొన్నాక నెల తిరగకముందే మూడో గేరు జారడం మొదలవుతుంది. పసుపు బస్తాలు వేసుకుని కోరుట్ల నుంచి మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ మార్కెట్‌కు పోయే రైతుకు ఆ రంగు తెచ్చిపెట్టే నష్టం చిన్నది కాదు. బండి దారిలో ఆగితే ఆ రోజు ధర పోతుంది, ఇంకో బండి కిరాయి మీద పడుతుంది.

గేర్‌బాక్స్‌కు రంగు వద్దని నేననను. వేయాల్సిందే, శ్రద్ధగా వేయాల్సిందే. అది చివరి పని అని మాత్రం గట్టిగా చెబుతాను. దానికి ముందు చేయవలసిన పని చాలా ఉంది. ఆ పనిని మా ఇంటి బండి కింద కూర్చుని చూశాను, చేతనైనంత చేశాను కూడా. అందుకే ఈ వారం దాని గురించి.

మాది పాత మహీంద్రా పికప్, నాలుగు గేర్ల బండి. ఈ కంపెనీ మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. ఇవాళ దాని ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మన జహీరాబాద్‌లోనే ఉంది. తెలంగాణ పల్లెల్లో ఆ జీపుల వంశం ఇంకా తిరుగుతూనే ఉందంటే, వాటిని విప్పి మళ్లీ బిగించగల మనుషులు ఉండబట్టే. మా దగ్గర వాళ్లను మేస్త్రి అంటారు, ఉస్తాద్ అంటారు.

మంచి ఉస్తాద్ పానా పట్టుకోకముందు చెవి పెడతాడు. బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఉంచి వింటాడు. గరగర వినిపించి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అనుమానం గేర్‌బాక్స్ ముందు బేరింగు మీదికో, కింది షాఫ్ట్ మీదికో పోతుంది. తొక్కితేనే మొదలైతే రిలీజ్ బేరింగు. తర్వాత రోడ్డెక్కుతాడు. ఇలాంటి నాలుగు గేర్ల బాక్సుల్లో టాప్ గేరులో ఇంజిన్ శక్తి నేరుగా వెనక్కి పోతుంది, కింది కౌంటర్ షాఫ్ట్ బరువు మోయకుండా ఊరికే తిరుగుతుంది. కాబట్టి ఒకటి, రెండు, మూడులో ఏడ్చి నాలుగులో నోరు మూసే బాక్సులో జబ్బు కౌంటర్ షాఫ్ట్‌లో ఉన్నట్టు. విప్పకముందే సగం తెలిసిపోతుంది. ఈ వినికిడి పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. కొన్ని వందల బాక్సులు విన్న చెవికే వస్తుంది.

మా బండి మూడో గేరు జారుతోంది. లోడు మీద దిగుడులో యాక్సిలరేటర్ వదలగానే రాడ్డు టక్కున న్యూట్రల్‌కు వచ్చేది. గేరు జారితే మార్చాల్సింది గేరేనని చాలామంది అనుకుంటారు. కారణం మరోచోట ఉండొచ్చు. గేరు రాడ్డును తన స్థానంలో పట్టి ఉంచే చిన్న బాల్, దాని వెనక స్ప్రింగు అలిసిపోయి ఉండొచ్చు. గేరును నెట్టే ఫోర్క్ అంచులు అరిగి ఉండొచ్చు. బేరింగులో ఆట పెరిగి షాఫ్ట్ ముందుకూ వెనక్కీ కదులుతుండొచ్చు. కొన్నిసార్లు బెల్ హౌసింగ్ బోల్టులు వదులై బాక్సే వంకరగా కూర్చుంటుంది. వీటిలో ఏదీ చూడకుండా గేరు సెట్టు మార్చినవాడు రైతు డబ్బు కాల్చినట్టే.

బాక్సు దించాక మొదటి పని కడుగుడు. డీజిలు తట్టలో పెట్టి బ్రష్షుతో రుద్దుతుంటే ఏళ్ల నాటి బురద, గ్రీజు కలిసి గట్టిపడ్డ పొర ఊడుతుంది. ఇది షెడ్డులో చేరిన పోరగాళ్లకు ఇచ్చే పని. నా లెక్కలో పోరగాళ్లు ఉస్తాదులయ్యేది ఇక్కడే. ఏ మూల నుంచి ఆయిల్ కారిందో కడుగుతున్నవాడికి ముందు కనిపిస్తుంది. పొడి దుమ్ము ఉన్నచోట కారలేదు, తడి మట్టి పేరుకున్నచోట కారింది. డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ తీసేటప్పుడు కూడా చూడాలి. అందులో బంగారు రంగు మెరుపు ఉంటే ఇత్తడి రింగులు అరిగాయి. ఇనుప పలుకులు చేతికి తగిలితే పంటి ముక్క ఎక్కడో విరిగింది. పాత ఆయిల్‌ను చూడకుండా పారబోయకూడదు.

ఆ ఇత్తడి రింగుల సంగతి కొంచెం ఆగి చెప్పాలి. వాటిని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. 1891లో ఫ్రాన్స్‌లో పనార్ లెవసోర్ కంపెనీ చేసిన కారులో గేర్లు షాఫ్ట్ మీద జారి ఒకదానితో ఒకటి కలిసేవి. వేగాలు కలవకపోతే పళ్లు కొట్టుకునేవి. ఆ తర్వాత దశాబ్దాల పాటు డ్రైవర్లంతా డబుల్ క్లచ్ కొట్టే బతికారు. మన ఆర్టీసీలో, లారీల్లో పాత తరం డ్రైవర్లకు అది కాలికి పట్టిన విద్య. అమెరికాలో ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు కనిపెట్టిన సింక్రోమెష్ 1928లో కాడిలాక్ కార్లలోకి వచ్చింది. పళ్లు కలవకముందే ఒక శంకువు ఇంకో శంకువుకు రాసుకుని రెండు వేగాలనూ సమానం చేస్తుంది. ఇత్తడి రింగు చేసేది ఆ పనే. దాని లోపలి వైపు సన్నటి గీతలుంటాయి, ఆయిల్ పొరను కోసి పట్టు ఇవ్వడానికి. గీతలు నున్నబడితే పట్టు పోయినట్టే. రింగును గేరు శంకువు మీద నొక్కి మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూస్తారు. సందు పూర్తిగా మూసుకుపోతే ఆ రింగు పని అయిపోయింది.

అందుకే ఆయిల్ విషయంలో షాపువాడు ఇచ్చింది పోయడం నాకు నచ్చదు. డబ్బా మీద 90 నంబరు ఉంటే చాలనుకుంటారు. పక్కన జీఎల్-4, జీఎల్-5 అని కూడా రాసి ఉంటుంది. జీఎల్-5 వెనక డిఫరెన్షియల్ కోసం తయారైంది. ఒత్తిడి తట్టుకోవడానికి అందులో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ పాళ్లలో ఉంటాయి. వాటిలో కొన్ని రకాలు ఇత్తడిని నెమ్మదిగా తింటాయి. బండి పుస్తకం జీఎల్-4 అడిగితే జీఎల్-4 పోయండి. ఖర్చు పెద్ద తేడా ఉండదు, రింగుల ఆయుష్షులో తేడా ఉంటుంది.

బిగించడం విప్పడం కన్నా కష్టం. పాత బాక్సుల్లో కౌంటర్ షాఫ్ట్ గేరు లోపల సన్నటి సూది రోలర్లు వరసగా కూర్చోవాలి. చేత్తో పట్టుకుంటే నిలవవు. గ్రీజు పూసి ఒక్కొక్కటిగా అంటిస్తారు. అసలు షాఫ్ట్ బదులు, గేరు పొడవుకు సరిపోయే పొట్టి ముక్కను లేత్ మీద తీయించి లోపల పెడతారు. గేరును బాక్సులోకి దించాక అసలు షాఫ్ట్‌ను ఒక వైపు నుంచి నెడుతుంటే పొట్టి ముక్క రెండో వైపు నుంచి బయటికొస్తుంది. ఒక్క రోలరు పడినా మళ్లీ మొదటి నుంచి. ఈ పని చేసేటప్పుడు ఉస్తాద్ ఫోను ఎత్తడు, ఎవరితోనూ మాట్లాడడు. ఆ తర్వాత థ్రస్ట్ వాషర్లు, సర్‌క్లిప్పులు, కొత్త ఆయిల్ సీళ్లు, ప్యాకింగు. మూత వేయకముందు ఇన్‌పుట్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూడాలి. చేతికి బరువుగా తగిలింది రోడ్డు మీద తేలికవదు.

ఇప్పుడు రంగు. మా బండి బాక్సు బాడీ పోత ఇనుము, పై మూత అల్యూమినియం. ఇనుముకు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు చాలు. అల్యూమినియం మీద అది నిలవదు, ఎచ్ ప్రైమరు కావాలి. లేకపోతే ఒక వానాకాలానికి పొరలుగా లేస్తుంది. ముందు థిన్నరుతో తుడిచి, వేలి గుర్తు కూడా లేకుండా చేయాలి. మా జగిత్యాల జిల్లా ఎండల్లో, మే నెల మధ్యాహ్నం గన్ను పట్టుకుంటే రంగు బాక్సు మీద పడేలోపే గాలిలో ఆరి గరుకుగా అంటుకుంటుంది. తడి గాలిలో కొడితే తెల్లటి మబ్బు కమ్ముతుంది. పొద్దున పూట, నీడలో, పలచగా రెండు మూడు పొరలు వేయడం మేలు.

ఎక్కడ వేయకూడదన్నది ఇంకా ముఖ్యం. బెల్ హౌసింగుకు ఆనుకునే ముఖం మీద వేయకూడదు. రంగు పొర ఒత్తిడికి నలిగి బోల్టుల బిగువు సడలుతుంది. షాఫ్ట్ స్ప్లైన్ల మీద, ఆయిల్ సీలు పెదవి మీద పడకూడదు. బాడీ మీద కొట్టిన నంబర్లు పూడ్చకూడదు. అన్నిటికన్నా ముఖ్యం బ్రీతర్, బాక్సు ఊపిరి తీసే చిన్న రంధ్రం. రంగుతో అది మూసుకుపోతే వేడికి లోపలి గాలి ఉబ్బి, కొత్తగా వేసిన సీళ్లను నెట్టుకుని ఆయిల్ బయటికొస్తుంది. బాగుచేసిన వారానికే కారిందని మేస్త్రిని తిట్టే బండ్లలో కొన్నింటి జబ్బు ఇదే.

రంగు ఏదన్నదానికి నా సమాధానం ఒక్కటే: లేత రంగు. లేత బూడిద రంగు మీద ఆయిల్ చుక్క పడితే ఆ సాయంత్రమే కనిపిస్తుంది. నలుపు మీద ఆయిల్ దాక్కుంటుంది. పని మీద నమ్మకం ఉన్న మేస్త్రి లేత రంగుకు భయపడడు. మా ఉస్తాద్ రంగు ఆరాక ఒక తట్ట తెచ్చి ముందు పెట్టాడు. "పాత సామాను మొత్తం ఇండ్లున్నది, చూసుకో అన్నా" అన్నాడు. అరిగిన రింగులు, ఫోర్కు, బేరింగులు, స్ప్రింగు. ఏది ఎందుకు మార్చాడో ఒక్కొక్కటి చేతికిచ్చి చెప్పాడు. నేను చూసిన మంచి పనివాళ్లందరిలో ఈ గుణం ఉంది.

ఈ విద్య మన దగ్గర కొత్తది కాదు. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. ఆ సంస్థ వారసురాలైన ఆర్టీసీకి ఇవాళ కరీంనగర్‌లో జోనల్ వర్క్‌షాప్ ఉంది. మరోవైపు కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో మెకానిక్కులూ ఉన్నారు. చేతులు అక్కడికి పోతే ఇక్కడ షెడ్లలో నేర్చుకునేవాళ్లు తగ్గుతారు. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ చదివే పిల్లలకు నిజమైన పాత బాక్సు ఒకటి బల్ల మీద పెట్టి, విప్పి, బిగించే అవకాశం ఎక్కువసార్లు ఇవ్వాలి. ఆర్టీసీ పక్కన పెట్టిన బాక్సుల్లో కొన్ని వాళ్లకు అందేలా చూడటం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు.

ఇక పసుపు తవ్వకాలకు ముందు బండి బాగు చేయించుకునే రైతులకు నా మాట. బాక్సు దించిన రోజు షెడ్డులో ఒక పూట కూర్చోండి. పాత సామాను తట్టలో పెట్టి చూపించమని అడగండి. ఆయిల్ డబ్బా మీద నంబరు చదవండి. లేత రంగు వేయించండి. మొదటి లోడు కొట్టి వచ్చాక టార్చి పట్టుకుని బండి కింద చూడండి. అమ్మకానికి వచ్చిన పాత బండి కింద కొత్త రంగు మెరుస్తుంటే, ధర మాట్లాడకముందే బాక్సు ఎవరు విప్పారో, ఏం మార్చారో అడగండి. జవాబు లేకపోతే ఆ బండి కొనకండి.