గరిటె ఎవరి చేతిలో ఉండాలి

ఏడాది చివరి వారాలు దగ్గరపడితే చాలు, ఆన్‌లైన్ అంగళ్లలో ఒక పెట్టె పదేపదే కంటపడుతుంది. అందులో స్టీలు షేకరు, కొలత గిన్నె, మెలికలు తిరిగిన పొడుగు చెంచా, వడపోత, వాటిని నిలబెట్టుకోవడానికి ఒక చెక్క స్టాండు ఉంటాయి. మీ ఇంటినే బార్‌గా మార్చుకోండని పక్కనే పిలుపు. ఈ వారం ఆ ప్రకటనల జోరు చూస్తే చిరాకేసింది. ఈ శీర్షికను వదలకుండా చదివేవారికి నా పాత పట్టుదల తెలుసు. అతిథి గడప దాటి లోపలికి వచ్చాక ఇంటివాళ్లు అతిథి దగ్గరే ఉండాలి. పూరీలు పొంగినవి పొంగినట్టు విస్తట్లో పడాలన్న పట్టింపుతో ఇల్లాలిని పొయ్యి దగ్గరే నిలబెట్టే విందును నేను ఏనాడూ మెచ్చలేదు. షేకరు పట్టుకున్న ఇంటాయన పరిస్థితీ అంతే. నలుగురూ హాల్లో కబుర్లలో ఉంటే ఆయన మూలన నిలబడి ఐసు ముక్కలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

బార్‌లో ఒక్కో గ్లాసూ విడిగా కలపడానికి కారణం ఉంది. అక్కడ ఆ పని చేసే మనిషికి అదే ఉద్యోగం. వెనక ఐసు యంత్రం ఉంటుంది, గ్లాసులు కడగడానికి వేరే చేతులుంటాయి, వచ్చినవాడు తనకు కావలసింది అడిగి డబ్బిచ్చి తాగుతాడు. ఇంట్లో వీటిలో ఏదీ లేదు. కొలవడం, ఐసు వేసి కదపడం, వడకట్టడం, షేకరు కడిగి మళ్లీ మొదలుపెట్టడం కలిపి గ్లాసుకు మూడు నిమిషాలనుకుందాం. పది మందికి రెండేసి గ్లాసులంటే గంట. పైగా షేకరులో కదిపితే ఐసు కరిగి పానీయంలో సుమారు పావు వంతు నీరు చేరుతుంది. ఆ నీరు పానీయంలో భాగమే, అది లేకపోతే గొంతు మండుతుంది. ఇంటి ఫ్రిజ్ ట్రేలోంచి తీసి కాసేపు బల్లమీద ఉంచిన ఐసు అప్పటికే చెమ్మగిల్లి ఉంటుంది కాబట్టి ఒక గ్లాసులో నీరు ఎక్కువ, ఒక గ్లాసులో తక్కువ పడుతుంది. బార్‌ను అనుకరించిన ఇంట్లో మొదటి గ్లాసుకూ ఏడో గ్లాసుకూ పొంతన లేకపోవడానికి చేతి నైపుణ్యం ఒక్కటే కారణం కాదు.

విడి గ్లాసుల పద్ధతి ఈ విద్యలో తర్వాత వచ్చింది. అంతకుముందు రెండు వందల ఏళ్లు ఇంటికొచ్చినవాళ్లకు పోసింది పంచ్. పెద్ద గిన్నెలో ఒక్కసారే కలిపి, చుట్టూ కూచున్నవాళ్లందరికీ గరిటెతో పంచేవారు. ఆ కథ మొదలైంది మన తీరాలకు దగ్గర్లోనే. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ కోరమాండల్ తీరానికి వచ్చి పెట్టపోలి దగ్గర, ఆపైన మచిలీపట్నంలో లంగరేసింది. పెట్టపోలి అంటే ఇప్పటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. ఇంగ్లీషు కాగితాల్లో పంచ్ మాట కనిపించే తొలి ఉత్తరాల్లో ఒకటి 1632 నాటిది. రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి ఆ పెట్టపోలిలో ఉన్న థామస్ కోలీకి రాశాడు. ఓడలో తెచ్చుకున్న బీరూ వైనూ ఈ వేడికి పాడయ్యేవి. ఇక్కడ దొరికేవి సారా, చెరకు బెల్లం, చక్కెర, నిమ్మకాయలు, సుగంధ ద్రవ్యాలు. వీటికి నీళ్లు కలిపితే పంచ్ అయింది, ఓడలెక్కి లండన్ చేరింది, అక్కణ్ణుంచి అమెరికా వెళ్లింది. 1806లో హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి కాక్‌టెయిల్ అంటే ఏమిటో పాఠకుడికి వివరిస్తూ మద్యం, చక్కెర, నీళ్లు, చేదు ద్రావకం అని చెప్పింది. నీళ్లను అప్పుడే విడిగా లెక్కవేశారు. 1862లో జెర్రీ థామస్ ప్రచురించిన పుస్తకాన్ని బార్‌మెన్ ఇప్పటికీ మూలగ్రంథంగా చూస్తారు. అందులోనూ ముందు వచ్చేవి పంచ్‌లే.

ఆ గిన్నెను మళ్లీ ఇంటికి తెచ్చుకుంటే సరిపోతుంది. పాత కొలత ఒకటుంది: పులుపు ఒక వంతు, తీపి రెండు, మద్యం మూడు, నీళ్లు నాలుగు. ఫుల్ బాటిల్ రమ్ము 750 మిల్లీలీటర్లు. దానికి నిమ్మరసం 250, చక్కెర పాకం 500, నీళ్లు ఒక లీటరు కలిపితే మొత్తం రెండున్నర లీటర్లు. తీపి మరీ ఎక్కువనిపిస్తే ఒకటిన్నర వంతుకు తగ్గించి, ఆ అర వంతునూ నీళ్లతో నింపండి. మొత్తం మారదు. రుచి గుట్టంతా తొక్కలో ఉంది. తెనాలి బజారు కాయైనా గూడూరు కాయైనా పిండేముందు పైపొరను పల్చగా తీసి, తెల్లపొర చేదు అంటకుండా, చక్కెరలో వేసి రాత్రంతా ఉంచాలి. తొక్కలోని నూనెను చక్కెర లాగేసుకుంటుంది. పొద్దుటికి అది తడిసి ఘుమఘుమలాడుతుంది, దాన్ని నీళ్లలో కరిగిస్తే అదే పాకం. నిమ్మరసం మాత్రం ఆ సాయంత్రమే పిండాలి, నిన్నటి రసం చేదెక్కుతుంది. తొక్క తీసిన కాయలు ఫ్రిజ్‌లో ఒక రాత్రి బాగానే ఉంటాయి. శొంఠి, యాలకులు, జాజికాయ మన వంటింటివే. ఐసు ముక్కలకు బదులు స్టీలు డబ్బాలో నీళ్లు పోసి గడ్డకట్టించి, ఆ ఒక్క దిమ్మనూ గిన్నెలో వదలాలి. దిమ్మకు బరువు ఎక్కువ, గాలికీ పానీయానికీ తగిలే పైభాగం తక్కువ, అందుకే మెల్లగా కరుగుతుంది. సోడా ఇష్టమైనవాళ్లకు గ్లాసులోనే చివర పోయాలి, గిన్నెలో పోస్తే అరగంటలో చచ్చిపోతుంది.

అందరికీ ఒకే రుచి ఎలా నచ్చుతుందన్నది మొదటి ఆక్షేపణ. పులిహోర విషయంలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. వండినవాళ్ల చేతిరుచి తెలుసుకోవడానికే కదా వాళ్లింటికి వెళ్లేది. కావలసినవాళ్ల కోసం పక్కన కాస్త నిమ్మరసం, కాస్త సోడా ఉంచితే చాలు.

రెండో ఆక్షేపణను మాత్రం అంత తేలిగ్గా తోసెయ్యలేం. తీపీ పులుపూ కలిసి మద్యం ఘాటును కప్పేస్తాయి. నీట్‌గా తాగితే గొంతు తానే ఆపుతుంది, పంచ్‌కు ఆ అడ్డు లేదు. గిన్నె మధ్యలో పెట్టి ఎవరికి వారు పోసుకోండని వదిలేస్తే ఎవరు ఎంత తాగారో వాళ్లకే తెలీదు. కోరమాండల్ తీరంలోని తమ మనుషుల తాగుడు మీద కంపెనీ పెద్దలు ఊరికే ఫిర్యాదులు రాసుకోలేదు. మన ఆతిథ్యం దీన్ని ఇంకా ప్రమాదం చేస్తుంది. మనకు పెట్టడమంటే కొసరి కొసరి పెట్టడం. వద్దన్నా ఇంకో గరిటె వేయడం మన దగ్గర ప్రేమ. అవతలివాడికి మొహమాటం. అన్నం విషయంలో దీనివల్ల కలిగే నష్టం ఒక పూట ఆయాసంతో పోతుంది. అదే అలవాటు మందుకు పాకితే ‘ఇంకొక్కటి, నా మాట కాదనకు బావా’ అవుతుంది. ఇంటి పెద్దరికమంతా ఆ మాట వెనక నిలబడి ఉంటుంది కాబట్టి వయసులో చిన్నవాడు, ఉద్యోగంలో కిందివాడు, కొత్తగా వచ్చిన అల్లుడు కాదనలేరు. గిన్నె పెట్టి కూచుంటే చాలనుకున్న నా వాదన ఇక్కడే ఆగిపోతుంది. గిన్నె ఉండాలి, కానీ గరిటె ఇంటివాళ్ల చేతిలోంచి కదలకూడదు. పంక్తిలో వడ్డించేవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం రాగానే ఆగి ముందుకు పోయినట్టు, ఇక్కడా చూసి పోయాలి, చూసి ఆగాలి.

పైన చెప్పిన కొలతకు ఇందులో ఒక ఉపయోగం ఉంది. రెండున్నర లీటర్లలో 750 మిల్లీలీటర్ల రమ్ము అంటే వంద మిల్లీలీటర్ల గరిటెలో సరిగ్గా 30, అంటే ఒక చిన్న పెగ్గు. మన దగ్గర దొరికే రమ్ములో ఆల్కహాలు 42.8 శాతం. ఆ లెక్కన గరిటెకు పది గ్రాములు. ఐసు కరిగేకొద్దీ ఇది తగ్గుతుందే తప్ప పెరగదు. పది మందికి తలా రెండు గరిటెలు పోసినా ఇంకో ఐదు మిగులుతాయి. సీసా బల్లమీద పెట్టి కూచునే మామూలు సిట్టింగులో ఈ లెక్క ఎవరూ చెప్పలేరు. చేతివాటంతో పోసిన పెగ్గు 60 ఉందో 90 ఉందో పోసినవాడికీ తెలీదు. మందు నలుగురిలో పోయక తప్పని ఇంట్లో కాక్‌టెయిల్ మేలైనదని నేననేది ఇందుకే. అది కొలవమంటుంది, వంటలాగా ముందే ఆలోచించమంటుంది.

ఆ ఆలోచనలో బండి తాళాలు కూడా ఉండాలి. మోటారు వాహనాల చట్టం పెట్టిన హద్దు వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు. రెండు గరిటెలంటే ఇరవై గ్రాములు. మామూలు బరువున్న మనిషిని ఆ హద్దు దాటించడానికి అది చాలు. శరీరం దాన్ని గంటకు పది గ్రాములకు మించి వదిలించుకోలేదు. మజ్జిగ తాగినా, కాఫీ తాగినా, ముఖం కడుక్కున్నా ఆ వేగం పెరగదు. కాబట్టి బండి నడిపేవాళ్లకు ఒక్క గరిటె కూడా పోయకూడదు. వాళ్లకూ, తాగనివాళ్లకూ కూల్‌డ్రింకు సీసా చూపించడం మర్యాద కాదు. రెండో గిన్నె ఉండాలి, దాని మీద మొదటిదాని మీదంత శ్రద్ధ పెట్టాలి. బెల్లం, నిమ్మ, శొంఠి, మిరియాలు, యాలకులతో పానకం కలపడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. రాయలసీమవాళ్లు నన్నారి పోస్తారు. అదే రకం గ్లాసులో, అదే ఐసుతో, అదే తొక్క చక్కెరతో ఇస్తే ఎవరి గ్లాసులో ఏముందో ఎవరూ అడగరు, తాగని మనిషి కారణం చెప్పుకోవలసిన అవసరం రాదు.

ఇంకో ఆక్షేపణ ఉంది, అది అన్నిటికంటే బరువైనది. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన నేల ఇది. 1992లో నెల్లూరు జిల్లాలో మొదలైన ఆ పోరాటం వల్లే 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఇలాంటిచోట కాక్‌టెయిళ్ల గురించి రాయడమా అంటే, ఆ ఆడవాళ్లు చెప్పినదాన్ని పక్కనపెట్టి ఈ విషయం రాయలేం. మగవాడు తాగితే దాని ఖరీదు కూలి డబ్బు రూపంలో, దెబ్బల రూపంలో ఆడది కట్టుకుంటోందని వాళ్లన్నారు. డబ్బున్న ఇళ్లలో ఆ ఖరీదు ఇంకో రూపంలో ఉంది. డాబా మీద మగవాళ్ల రౌండ్లు నడుస్తుంటాయి, కింద వంటింట్లో ఆడవాళ్లు మంచింగ్ కోసం పల్లీలు, పకోడీలు, చికెన్ వేయిస్తూనే ఉంటారు. రాత్రి పదకొండుకు అన్నాలు వడ్డించాలి, తూలేవాణ్ణి పడుకోబెట్టాలి, పొద్దున గిన్నెలు తోమాలి. తాగనివాళ్లు తాగమని నేను ఒక్క ముక్క అనను. తాగకపోతే ఎవరికీ ఏ లోటూ లేదు. తాగే ఇంట్లో మాత్రం మందు డాబా దిగి, భోజనాల గదికి వచ్చి, ఆడా మగా కూచున్న బల్ల మీద కొలతగా ఉండాలి. నంచుకునేవి వేయించినవి కాకుండా ముందే చేసిపెట్టేవి కావాలి. తొక్క తీయడం, పాకం కలపడం, గ్లాసులు కడగడం మందు పోద్దామన్నవాడి పని.

అప్పుడు నా పాత పట్టుదలలో కొంత వదులుకోవాల్సి వస్తుంది. ఇంటివాళ్లు అతిథుల మధ్యే కూచోవాలన్నాను. గరిటె పట్టుకున్నవాళ్లు కూచోలేరు, లేచి తిరుగుతూ ఉండాలి, ఎవరి గ్లాసు ఎంత త్వరగా ఖాళీ అవుతోందో, ఎవరి మాట గట్టిపడుతోందో గమనిస్తుండాలి. షేకరు దగ్గర నిలబడటానికీ దీనికీ తేడా ఉంది. షేకరు దగ్గర కన్ను గ్లాసు మీద ఉంటుంది, ఇక్కడ మనిషి మీద ఉంటుంది. ఆ పని భార్య చేసినా భర్త చేసినా ఒకటే, ఇద్దరూ వంతులేసుకుంటే ఇంకా మంచిది. గరిటె ఎవరి చేతిలో ఉందో వాళ్లు ఆ సాయంత్రం తమ గ్లాసును రెండో గిన్నెలోంచే నింపుకోవాలి.