ఆగే చోటే దారి

‘పోకెమాన్ గోల్డ్’, ‘సిల్వర్’ ఆటలు 1999 నవంబర్‌లో జపాన్‌లో విడుదలయ్యాయి. వాటిలో గెలుపు గుర్తుగా ఇచ్చే బ్యాడ్జిల్లో ఎనిమిదోదాని కోసం బ్లాక్‌థార్న్ ఊరు చేరాలంటే ‘ఐస్ పాత్’ అనే మంచు గుహ దాటాలి. ఆటను తయారుచేసిన గేమ్ ఫ్రీక్ పనితనం ఎలాంటిదని ఎవరైనా అడిగితే, నేను ముందుగా ఈ గుహనే చూపిస్తాను.

నియమం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మంచు మీద కాలు పెడితే, ఏదో ఒకటి అడ్డు తగిలేదాకా జారుతూనే ఉంటాం. నడుమ ఆగడం, పక్కకి తిరగడం మన చేతిలో లేవు. మామూలు చిక్కుదారుల్లో గోడంటే విసుగు. ఇక్కడ గోడే ఆసరా.

ఒక చిన్న లెక్క చూడండి. అడ్డంగా 10 గళ్లు, నిలువునా 9 గళ్లు ఉన్న మంచు నేల. చుట్టూ గోడ, లోపల ఖాళీ. కింద ఎడమ మూల నుంచి బయల్దేరితే, ఎంతసేపు తిరిగినా నాలుగు మూలల్లో తప్ప ఇంకెక్కడా ఆగలేం. కింది వరసలో ఆరో గడిలో ఒక బండ పెట్టండి. కుడికి జారితే ఐదో గడిలో ఆగుతాం; అక్కణ్ణుంచి పైకి జారితే పై వరస ఐదో గడి. అవతలి మూల నుంచి వస్తే ఏడో గడి, దానికి ఎదురుగా పైన మరొకటి. ఒక్క బండతో ఆగే చోట్లు 8 అయ్యాయి. కానీ బయటికి సందు పై గోడలో ఆరో గడి దగ్గరుంటే ఈ ఎనిమిదీ వృథా. పై వరసలో ఏడో గడిలో ఇంకో బండ పెడితే పని అవుతుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు సందు దగ్గర మొదలుపెట్టి వెనక్కి ఆలోచిస్తారు: ఇందులోంచి పోవాలంటే ఎక్కడ ఆగాలి? అక్కడ ఆపే బండ ఏది? దాని దగ్గరికి ఎటునుంచి రావాలి?

పైన చెప్పిన 90 గళ్లూ ఊరికే ఎంచుకున్నవి కావు. ఈ ఆటలు ఆడే చేతి యంత్రం గేమ్‌బాయ్ కలర్ తెర మీద ఒకేసారి పట్టేది అంతే. మనం జారుతుంటే తెర కూడా కదులుతుంది, ఇందాక చూసిన బండ కనుమరుగవుతుంది. దాని చోటు మనసులో గుర్తుపెట్టుకోవాలి. తొందరపెట్టే గడియారం మాత్రం లేదు. దారి తప్పితే మళ్లీ మొదటికి వస్తాం, అంతే.

నాకు అన్నిటికన్నా నచ్చింది కింది అంతస్తుల్లో ఉంది. అక్కడి మంచు మీద ఆగడానికి కావలసిన బండలు మొదట్లో ఉండవు. పై అంతస్తులో ఉన్న నాలుగు బండల్ని ‘స్ట్రెంగ్త్’ విద్యతో ఒక్కొక్కటిగా నెట్టుకెళ్లి గుంటల్లో పడేయాలి. అవి కింద మంచు మీద పడి నిలుస్తాయి. అంతదాకా ఆట మలిచినవాళ్లు పేర్చిన బండల్ని నమ్ముకుని జారినవాళ్లం, ఇక్కడ వాళ్ల పనిలో చెయ్యి వేస్తాం. కిందికి దిగి జారి, సరిగ్గా కావలసిన గడిలో ఆగినప్పుడు, మనల్ని ఆపింది ఇందాక మనమే నెట్టిన బండ.