తన అంకెను తానే శంకించుకునే మీటరు

పైపులో ఎన్ని లీటర్లు పారాయో కాదు, ఎన్ని కిలోలు పారాయో నేరుగా కొలిచేది కొరియాలిస్ మీటరు. లోపల వంపు తిరిగిన రెండు స్టీలు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఉన్న డ్రైవ్ కాయిల్ వాటిని ఆగకుండా ఊపుతుంది. ద్రవం వచ్చే వైపు ఒకటి, పోయే వైపు ఒకటి ఉన్న పికప్ కాయిల్స్ ఆ ఊపును పసిగడతాయి. ప్రవాహం లేనప్పుడు రెండు సంకేతాలూ కలిసి నడుస్తాయి. ద్రవం కదలగానే గొట్టం కంటికి కనిపించనంతగా మెలితిరిగి, ఒక సంకేతం మైక్రోసెకండ్ల పాటు వెనకబడుతుంది. ప్రవాహం లెక్కంతా ఆ జాప్యంలోనే ఉంది.

గొట్టాల ఊపు తగ్గకుండా ఎంత కరెంటు పంపాల్సి వస్తోందో కూడా మీటరు గమనిస్తూనే ఉంటుంది. ద్రవంలో గాలి బుడగలు చేరితే అవి ఊపును మింగేస్తాయి, కరెంటు పెరుగుతుంది. ప్రవాహం అంకె మామూలుగా కనిపిస్తున్నా, ఈ కరెంటు గుట్టు విప్పుతుంది. ఇందుకోసం కొత్తగా ఒక్క భాగం కూడా పెట్టనక్కర్లేదు.

మీటరు అంకెను కంట్రోల్ రూమ్‌కు చేరవేసే పాత 4–20 మిల్లీఆంపియర్ లైన్లోనూ ఓ ఉపాయం ఉంది. సున్నా ప్రవాహానికి 4 ఉంటుంది కాబట్టి తీగ తెగితే వెంటనే తెలిసిపోతుంది. పరిశ్రమల సంఘం నామూర్ ఇచ్చిన ఎన్‌ఈ 43 సిఫార్సు ప్రకారం 3.6కు దిగినా, 21కి చేరినా లోపమున్నట్టే. తెలివైన ఏర్పాటే. కానీ లోపం ఉందో లేదో తప్ప, అంకెను ఎంతవరకు నమ్మాలో అది చెప్పలేదు.

ఆ లోటును ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన మానస్ హెన్రీ, డేవిడ్ క్లార్క్ 1993లో పట్టుకున్నారు. వారు ప్రతిపాదించిన సెన్సర్ అంకెతో పాటు దాని అనిశ్చితినీ, ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పే హోదానూ పంపుతుంది. బ్రిటన్‌లో బీఎస్ 7986 ప్రమాణం ఈ ఆలోచన నుంచే వచ్చింది.

నాకు బాగా ముచ్చటేసేది ఉష్ణోగ్రతను కొలిచే ఆర్టీడీ పోయినప్పుడు ఈ పద్ధతి పనిచేసే తీరు. వేడెక్కిన గొట్టం బిగువు తగ్గి ఎక్కువ మెలితిరుగుతుంది. 100 డిగ్రీలకు ప్రవాహం లెక్క నాలుగైదు శాతం మారుతుంది. దాన్ని సరిదిద్దడానికి గొట్టానికి ప్లాటినం ఆర్టీడీ అంటించి ఉంటుంది. దాని తీగ తెగిందనుకోండి. మీటరు చివరిసారి సరిగ్గా అందిన ఉష్ణోగ్రతతోనే లెక్క కొనసాగించి, హోదాను 'స్పష్టం' నుంచి 'మసక'కు మారుస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు జరిగినా తేడా అర శాతం లోపే. కాలం గడిచేకొద్దీ ఎంత జరిగి ఉండొచ్చో అంచనా వేస్తూ, ఆ మేరకు అనిశ్చితిని పెంచుకుంటూ పోతుంది. పికప్ సంకేతాలే పోతే మాత్రం 'చూపు లేదు' అని చెప్పి, గత ధోరణి నుంచి తీసిన అంచనా పంపుతుంది.

దీంతో కంట్రోల్ రూమ్‌లో ఆపరేటరుకు ఎంచుకునే వీలు దొరుకుతుంది. ట్యాంకు నింపడానికైతే మసక అంకె చాలు, ఆర్టీడీని తర్వాతి షట్‌డౌన్‌లో మార్చుకోవచ్చు. పాళ్లు కచ్చితంగా కుదరాల్సిన బ్యాచ్ అయితే ఇప్పుడే ఆపేయాలి.