ఎడమ పక్క ఆవిడ

బుర్రకథ మొదలవగానే జనం చూపు నడిమి మనిషి మీదికే పోతుంది. తంబుర ఆమె భుజాన ఉంటుంది, అందెలు ఆమె వేళ్ళకుంటాయి, కథ ఆమె నోట్లో ఉంటుంది. కుడి పక్కన నిలబడేది రాజకీయ వంత. కథ ఏ కాలానిదైనా ఇవాళ్టి ధరలూ దొరతనాలూ మాట్లాడే పని ఆవిడది. ఎడమ పక్కన డక్కీ పట్టుకున్న మూడో మనిషి హాస్యపు వంత. నేను మటుకు ఎక్కడ బుర్రకథ చెప్పినా ఆ మూడో మనిషికి దగ్గరగా గోనెపట్టా వేసుకుంటాను. కథ నాకు ముందే తెలుసు. బొబ్బిలి కోట పడుతుందనీ, తాండ్ర పాపారాయుడు ఆఖరికి గుడారంలో దూరి పగ తీర్చుకుంటాడనీ ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎడమ పక్కావిడ ఏ క్షణాన ఏం అనబోతుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఒక్కోసారి ఆవిడకే తెలియదు.

మా గంపలగూడెం ఆంధ్రకు ఒక కొస. పక్కనే మధిర, అంటే తెలంగాణ. నెమలి వేణుగోపాలస్వామి బ్రహ్మోత్సవాలకైనా, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకైనా రెండు రాష్ట్రాల జనం కలిసే వస్తారు. ఎడ్ల బండలాగుడు ఒకవైపు, కోలాటం ఒకవైపు, మైకు చేజిక్కించుకున్నవాళ్ళ హడావిడి ఇంకోవైపు. ఆ గోలలో బుర్రకథకి జనాన్ని కూర్చోబెట్టడం చిన్న సంగతి కాదు. అందులోనూ ముగ్గురూ ఆడవాళ్ళే అయితే ముందు వరసలో కుర్రాళ్ళు ఈలలు వెయ్యడానికే కూర్చుంటారు. మొదటి పది నిమిషాల్లో వాళ్ళ నోరు మూయించే పని కూడా ఎడమ పక్కావిడదే.

నేను చూసిన ఒక దళంలో ఆ పని ఎలా జరిగిందో చెబుతాను. ఒకే రంగు చీరలు కచ్చ పోసి కట్టుకుని, నడుముకి దట్టీలు బిగించి, గజ్జెలు కట్టుకుని వచ్చారు ముగ్గురూ. కథ బొబ్బిలి యుద్ధం. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటను కూల్చిన కథ. కథకురాలు పాపారాయుడి మీసం అందుకుంది. వర్ణిస్తోంది, వర్ణిస్తోంది, మీసం చెవుల దాకా వచ్చింది. అప్పుడు ఎడమ పక్కనుంచి, డక్కీ ఆపకుండానే: "అక్కా, అంత మీసం ఉంటే గంజెట్టా తాగాడే?"

"చెల్లీ, వీరుడు గంజి తాగడే!"

"అదీ! మీసం లేని మా ఆయనే ఇన్ని తాగుతుంటే..."

ఇక బొబ్బిలి కోట కాసేపు పక్కకి పోయింది. ఆవిడ తాగొచ్చిన మొగుడైపోయింది. గుమ్మం ఎటుందో తెలియక పశువుల కొట్టంలోకి వెళ్ళి గేదెతో సంసారం సంగతులు మాట్లాడింది. ఈల వేసిన కుర్రాళ్ళలో ఒకణ్ణి చూపించి "వీడు మా ఆయన దగ్గర కూర్చుని గ్లాసు పట్టినవాడే అక్కా, ఈల చూసి గుర్తుపట్టాను" అంది. వాడి పక్కనున్నవాళ్ళే పగలబడి నవ్వారు. ఆ రాత్రి మళ్ళీ ఈల లేదు.

నేను నవ్వుతూనే ఆవిడ చేతులు చూశాను. అసలు విద్య అక్కడ ఉంది. కాళ్ళు తాగి తూలుతున్నాయి, తల వాలుతోంది, నాలిక మడతపడుతోంది, డక్కీ మీద వేళ్ళు మాత్రం తాళం తప్పలేదు. ఒళ్ళంతా ఒక మనిషి, చేతులు ఇంకో మనిషి. ఆ తాళం ఒక్క దెబ్బ జారినా కథకురాలు తిరిగి పాట ఎత్తుకోలేదు, కుడి పక్కావిడ అడుగు కలపలేదు. తాగుబోతు వేషం వెయ్యడం చాలామందికి వచ్చు. తాగుబోతుగా ఉండి తాళం మొయ్యడం ఏళ్ళ తరబడి పడిన పాటు.

హాస్యపు వంత మాటలు కథకి అడ్డం అనుకునేవాళ్ళున్నారు. ముఖ్యంగా చదువుకున్నవాళ్ళు. కథ నడుస్తుంటే ఈ పిచ్చి మాటలేమిటని విసుక్కుంటారు. కథ చెప్పే మనిషి గొంతు సంగతి వాళ్ళకి పట్టదు. గంటల తరబడి ఎగురుతూ, తంబుర మీటుతూ, వీరరసం గొంతు చించుకుని పాడే మనిషికి ఊపిరి తీసుకునే చోటు కావాలి. హాస్యం ఆ చోటు. ఎడమ పక్కావిడ గేదెతో మాట్లాడుతున్నప్పుడు కథకురాలు వెనక్కి తిరిగి చెంబులో నీళ్ళు తాగుతుంది, చెమట తుడుచుకుంటుంది. ఆవిడ భుజం దిగిందో లేదో, ఊపిరి అందిందో లేదో ఈవిడ కనిపెడుతూ ఉండాలి. ఇంకా రొప్పుతుంటే గేదెకి ఇంకో కష్టం చెప్పాలి. తేరుకోగానే, నవ్వు ఎంత బాగా పండుతున్నా సరే, ఠక్కున తుంచేసి "తందాన" అనాలి. జనం ఇంకా కావాలంటున్నప్పుడు ఆపడం, అదీ ఇంకొకరి కోసం ఆపడం, ఎంతమందికి చేతనవుతుంది?

పేరు మాత్రం కథకులకే. షేక్ నాజర్ పేరు తెలియని పాతతరం మనిషి మా జిల్లాలో లేడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో ఆయన చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ ఇప్పటికీ జనం చూస్తారు. ఆయన ఆ గౌరవానికి తగినవాడే. ఆయనకి అటూ ఇటూ నిలబడి డక్కీలు వాయించినవాళ్ళ పేర్లు చెప్పమంటే మాత్రం మనలో ఎక్కువమంది తడుముకుంటారు.

ఇంకో మెలిక ఉంది. మన నాటకరంగం మగవాడు ఆడవేషం వేస్తే నెత్తిన పెట్టుకుంది. స్థానం నరసింహారావు గారి సత్యభామకు, చిత్రాంగికి జేజేలు కొట్టింది, 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆడది మగవాడి నడక నడిచి నవ్విస్తే మాత్రం "ఆడపిల్లకి ఇదేం పని" అంది. సురభి వాళ్ళు ఎంతో ముందుగానే ఆడవేషాలు ఆడవాళ్ళకే ఇచ్చారు, నిజమే. అది కుటుంబ నాటక సమాజం, మొగుళ్ళూ అన్నదమ్ములూ అదే వేదిక మీద ఉంటారు. ముగ్గురు ఆడవాళ్ళు తమంతట తాము ఊరి నడిబొడ్డున నిలబడి మగవాళ్ళను చూసి నవ్వడం వేరు. నవ్వే ఆడదాన్ని నమ్మరాదని సామెత కట్టుకున్న జాతి మనది. నవ్వించే ఆడదాని గురించి ఏమనుకునేవాళ్ళో ఊహించుకోవచ్చు.

1940ల మొదట్లో కమ్యూనిస్టులు పాత జంగం కథను తీసుకుని కొత్త బుర్రకథగా మలిచినప్పుడు మొదట చెప్పిన కథల్లో ఒకటి టాన్యా. హిట్లర్ సైన్యం చేతికి చిక్కి ఉరికంబం ఎక్కిన రష్యా పిల్ల కథ. రాసింది వేములపల్లి శ్రీకృష్ణ, చెప్పింది కాకుమాను సుబ్బారావు దళం. కథానాయిక ఆడపిల్ల, చెప్పినవాళ్ళు ముగ్గురూ మగవాళ్ళు! ఆ తర్వాత అదే దశాబ్దంలో మోటూరి ఉదయం ఆడవాళ్ళ దళం కట్టి తంబుర పట్టింది. అప్పట్లో ఆడపిల్ల మీటింగుకి వెళ్ళడమే వింత, ఈవిడ స్టేజీ ఎక్కి గజ్జె కట్టింది. కొండపల్లి కోటేశ్వరమ్మ లాంటివాళ్ళు కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలిలో పాడారు, ఆడారు. బుర్రకథను ఇటు మద్రాసు ప్రభుత్వం, అటు నైజాం ప్రభుత్వం నిషేధించిన రోజులవి. మా ఊరు సరిగ్గా ఆ రెండింటి మధ్య గట్టు మీద ఉండేది. ఏ వైపు దూకినా పోలీసులే.

ఆ ఉద్యమం ఆడవాళ్ళకి తంబురని ఇచ్చిందని అందరూ రాస్తారు. నాకు తంబుర కన్నా డక్కీ పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఆడది వీరగాథ చెబితే జనం శక్తి అనో తల్లి అనో దండం పెట్టి సర్దుకుంటారు. దణ్ణం పెట్టాక భయం లేదు. మాట మధ్యలో అడ్డం వచ్చి "ఆగక్కా, ఇక్కడ నాకో అనుమానం" అనే ఆడదానికి దణ్ణం పెట్టలేరు. నవ్వాలి, లేదా లేచి వెళ్ళిపోవాలి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఎప్పుడూ దొరకనిది మధ్యలో మాట్లాడే హక్కే.

హూస్టన్‌లో ఉంటున్న మా చుట్టాలమ్మాయి ఒక వీడియో పంపింది. అక్కడికి దగ్గర్లో టాడ్ మిషన్ అనే చోట 1974 నుంచి రెనెసాన్స్ ఫెస్టివల్ అని జరుగుతుంది. ఈ వేడుకలకి మూలం 1963లో కాలిఫోర్నియాలో ఫిలిస్ పాటర్సన్ అనే టీచరమ్మ మొదలుపెట్టిన సంత. ఇప్పుడు అమెరికా అంతటా ఉన్నాయి. జనం నాలుగైదు వందల ఏళ్ళ కిందటి యూరప్ బట్టలు వేసుకుని, కత్తులు వేలాడేసుకుని తిరుగుతారు, తింటారు, ఆటలు చూస్తారు. తిరునాళ్ళే, దేవుడు లేడంతే. అక్కడ సముద్రపు దొంగల వేషం కట్టి నవ్వించే ఆడవాళ్ళ దళాలు కూడా ఉంటాయి. తలకి గుడ్డ, కంటికి గంత, నోటికి హద్దు లేదు. ఎక్కువగా నవ్వించేది తాగిన మగ దొంగల మీద. దానికి చరిత్రలోనే మూలం ఉంది. 1720లో జమైకా దగ్గర రాకమ్ అనే దొంగ ఓడను పట్టుకున్నప్పుడు మగవాళ్ళు తాగి అడుగున దాక్కుంటే, ఆన్ బానీ, మేరీ రీడ్ అనే ఇద్దరు ఆడవాళ్ళే పైన నిలబడి పోరాడారని చెబుతారు. మూడు వందల ఏళ్ళ తర్వాత ఆ తాగుడు టెక్సాస్‌లో నవ్వులు పండిస్తోంది.

ఆ వీడియోలో నాకు బాగా నచ్చింది ఆట చివర. టోపీ తిరగేసి జనం మధ్యకి వచ్చి, డబ్బు వెయ్యనివాణ్ణి ఆటపట్టిస్తూ వసూలు చేశారు. మా దగ్గర టోపీ లేదు, చదివింపులున్నాయి. ఫలానా వారు నూటపదహార్లు చదివించారని మైకులో చెప్పేది సాధారణంగా హాస్యపు వంతే. ఆ చెప్పడంలోనే ఆవిడ వసూలు చేస్తుంది. పేరు చదివి, ఒక్క క్షణం ఆగి, "ఆయన బావమరిది కూడా ఇక్కడే ఉన్నాడంట అక్కా, ఇంకా జేబు దొరకలేదంట" అంటుంది. బావమరిదికి జేబు దొరుకుతుంది.

తెలుగు నేల దాటినా ఈ విద్యకి ఆడవాళ్ళే పెద్ద దిక్కైన సందర్భం ఒకటుంది. బళ్ళారి వైపు దరోజి ఈరమ్మ. తెలుగు మాట్లాడే బుడగజంగాల ఇంట పుట్టి, కన్నడంలో బుర్రకథ చెప్పింది. అక్షరం రాదు, పెద్ద పెద్ద కావ్యాలు పన్నెండు నోటికి వచ్చు. వెనక వంత పాడింది కూడా ఇంటి ఆడవాళ్ళే. హంపి కన్నడ విశ్వవిద్యాలయం నాడోజ బిరుదు ఇచ్చింది. 2014లో పోయింది. మనవైపు అలాంటి మనిషికి ఏ విశ్వవిద్యాలయమైనా గౌను తొడిగి పట్టం ఇచ్చిందా అని వెతకడం నేను మానేశాను.

మనవైపు ఇచ్చింది స్కీములు. కుటుంబ నియంత్రణ, పొదుపు, టీకాలు, మరుగుదొడ్లు, ఎయిడ్స్. ప్రభుత్వ శాఖలు బుర్రకథ దళాలకి ప్రోగ్రాములిచ్చి కొన్నేళ్ళు అన్నం పెట్టాయి, కాదనను. కానీ కాగితం మీద ముందే ఆమోదించిన జోకు జోకు కాదు. ఎడమ పక్కావిడ నోట్లో ప్రచారపత్రం పెట్టేసరికి రెండు వంతలూ ఒకే మాట మాట్లాడడం మొదలుపెట్టాయి. దీనికి ఎదురుగా ఒక్క కాలం గుర్తొస్తుంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం కళాజాతాలు ఊళ్ళు తిరిగిన రోజులు, 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన రోజులు. అప్పుడు తాగుబోతు మొగుడి వేషం వేసినవాళ్ళకీ చూసినవాళ్ళకీ ఎవరూ ఏమీ రాసివ్వనక్కరలేకపోయింది. మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. అది ఉద్యమం ఘనత, ఆటలది కాదు. అయితే ఊరి మధ్య మొగుణ్ణి చూసి నలుగురితో కలిసి ఒకసారి నవ్విన ఆడదానికి, మర్నాడు దుకాణం ముందు నిలబడడం కాస్త తేలికవుతుందని నా నమ్మకం.

నేను చెప్పిన దళం ఇప్పుడు ఏడాదికి కొద్ది ఆటలే ఆడుతోంది. రికార్డింగ్ డాన్సులకి ఇచ్చే డబ్బులో వీళ్ళకి నాలుగో వంతు కూడా రాదు. వచ్చింది ముగ్గురూ సమంగా పంచుకుంటారు. కథకురాలికి ఎక్కువ వాటా ఇచ్చే దళాలున్నాయి, ఇక్కడ ఎడమ పక్కావిడ పట్టుబట్టి సమం చేయించింది. మిగతా రోజుల్లో మిరప కోతలకి పోతుంది. ఈమధ్య మిరప కల్లం దగ్గరే ఆవిడతో మాట్లాడాను. కూతురు డిగ్రీ చదువుతూ సెలవులకి వచ్చింది. అమ్మాయికి డక్కీ నేర్పుతున్నావా అమ్మా అని అడిగాను.

"దానికి నవ్వించడం వచ్చండి. ఆగడం రాదు. ఎక్కడ ఆగాలో తెలిసిందాకా డక్కీ ముట్టుకోనివ్వను. నేనయితే మా అక్క దగ్గర మూడేళ్ళు వట్టి చేతులతో..."

"నువ్వు ఆగితేగా నేను మొదలెట్టేది" అంది పిల్ల, కాయలు ఏరుతూనే.