ముందు దారి, తర్వాతే రైడు

1999లో వచ్చిన ‘రోలర్‌కోస్టర్ టైకూన్’ను క్రిస్ సాయర్ దాదాపు పూర్తిగా అసెంబ్లీ భాషలోనే రాశాడు. ఆ ఆటలో మంచి పార్కు కట్టేవారి పనితనం ఎత్తైన కోస్టర్‌లో కన్నా కాలిబాటలోనే బయటపడుతుంది. సందర్శకులు ప్రతి కూడలి దగ్గరా ఎటు వెళ్లాలో తేల్చుకుంటారు. ఒక గడి వెడల్పు బాటలో తిన్నగా నడిచేవాళ్లే, వెడల్పాటి చప్టా పరిస్తే అడుగడుగూ కూడలే అయి దిక్కుతోచక తిరుగుతారు. అందుకే సన్నబాట వేసి, కడుపులో తిప్పే రైడు దిగేచోట రెండు బెంచీలు, ఒక చెత్తబుట్ట పెట్టేవారంటే నాకు గౌరవం. వికారంతో దిగినవాడు కాసేపు కూర్చుంటే తేరుకుంటాడు, లేదంటే దారిలోనే కక్కేస్తాడు; ఆ మురికి చూసి మిగతావాళ్ల ముఖాలు మాడిపోతాయి, ఊడ్చేవాడికి చాకిరీ.

విశాలమైన ప్రాంగణం లేకపోతే పార్కు ఇరుకుగా, కళావిహీనంగా ఉండదా అంటారు. ఉంటుంది, కాకపోతే ఆ విశాలతను చెట్లకూ పూలమళ్లకూ ఇవ్వొచ్చు. చుట్టూ అలంకరణ ఉంటే రైడు ఉత్సాహం రేటింగు కూడా పెరుగుతుంది. పట్టాను కాలిబాట మీదుగా పోనిస్తే ఇంకొంచెం. అలా కాక ఎత్తూ వేగమూ పెంచుకుంటూ పోతే తీవ్రత రేటింగు కూడా ఎగబాకుతుంది. అది 10 దాటితే చాలామంది గేటు దగ్గరే మొహం తిప్పేస్తారు. ఎంత డబ్బు పోసి కట్టినా ఖాళీ బండ్లే తిరుగుతాయి.